మేనమామకు పట్టని కోట మెట్లు

నేను కట్టిన ఇళ్లల్లో ఒక్కటీ వారం రోజులు బతకలేదు. ఎవరి శాపమూ కాదు, నా ఉద్యోగం అలాంటిది. సింగపూర్‌లో ఎగ్జిబిషన్లకీ, మాల్స్‌లో పండగలకీ, డబ్బున్నవాళ్ల పెళ్లిళ్లకీ సెట్టింగులు వేసే కంపెనీలో బొమ్మలు గీసే పనికి చేరి, సైటు ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. మంచుకొండలు కట్టాను, డ్రాగన్ నోట్లోంచి లోపలికెళ్లే బట్టలకొట్టు కట్టాను, ఒకసారి దంతాల డాక్టర్ల సభకి మనుషులు పట్టేంత దవడ కూడా కట్టాను. అన్నీ ప్లైవుడ్డూ, థర్మోకోలూ, రంగూ. పని అయిన మర్నాడు లారీ వచ్చేది, నా నెలల కష్టాన్ని చెత్తలోకి ఎత్తుకెళ్లేది. నేనెప్పుడూ ఆ లారీని చూడ్డానికి వెళ్లలేదు. చూస్తే ఏడుపొస్తుందని.

ఈ లైన్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు, "ఆంటీ, మీ మొత్తం సర్వీసులో మర్చిపోలేని పని ఏది?" అని అడుగుతుంటారు. ఇదిగో, కోట సంగతి చెబుతాను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకే హాల్లో, ఒకే పొద్దున చేసి చూసినవాళ్లం మేము.

పెళ్లికూతురు రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగి. జురాంగ్ వెస్ట్‌లో పెరిగిన తెలుగు పిల్ల. చదువుకి ఇంగ్లండు వెళ్లి, చదువుకంటే ఎక్కువ అక్కడి పాతకాలపు ఇళ్లు చూసొచ్చింది. మా ఆఫీసుకొచ్చి ఫోన్లో ఫొటోలు చూపిస్తూ చెప్పిన మొదటి మాట, "ఆంటీ, అందరి పెళ్లిళ్లలోనూ ఆ పూలగోడే, ఆ నెమళ్లే. నాకు బోర్ లా. నాకు కోట కావాలి" అని. మాటల చివర 'లా' అనో 'వాట్' అనో తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు.

అసలు అది పూర్తిగా కోట కాదు. అక్కడి జమీందారు ఇల్లు. కాకపోతే దొంగలొస్తారనీ, పక్కూరివాడు మనుషుల్నేసుకుని మీదకొస్తాడనీ భయంతో ఇంటికే కోట వేషం వేసేవాళ్లు. చుట్టూ కందకం, దాని మీద ఎత్తి దించే వంతెన, వంతెన దాటగానే బురుజుల మధ్య పెద్ద గుమ్మం, గోడ మీద పళ్లు పళ్లుగా పిట్టగోడ. లోపల ఊరంతా కూచుని తినేంత పెద్ద హాలు. హాల్లో ఆ చివర అరుగు, దాని మీద యజమాని భోజనం బల్ల. హాలు గోల భరించలేనప్పుడు యజమాని కుటుంబం తప్పుకోవడానికి పైన ఒక గది. ఆ గదికి ఒకటే దారి. గుండ్రటి బురుజులో, ఒక స్తంభం చుట్టూ తిరుగుతూ పైకెళ్లే సన్నటి రాతిమెట్లు. ఒక్కడు తప్ప ఇద్దరు ఎక్కలేనంత సన్నం. శత్రువు వస్తే ఒక్కొక్కడే రావాలి, పైనున్నవాడు ఒక్కొక్కణ్ణే కిందికి తన్నాలి, అదీ లెక్క. గోడమీద ఆ పళ్లు కట్టుకోవాలంటే రాజుగారి పర్మిషను కావాలిట.

"ఆ రోజుల్లోనే పర్మిట్లా! గుడ్ కంట్రీ," అన్నాడు మా బాసు. ఆయన ఇక్కడే పుట్టిన చైనా ఆయన, కస్టమరు ఏమడిగినా 'కెన్, కెన్', అంటే చేసేద్దాం చేసేద్దాం, అనడమే తెలుసు. ఆయన కెన్ అంటాడు, ఎలాగో నేను చూసుకోవాలి.

సరే, మొదలెట్టాం. మా వడ్రంగి మేస్త్రీది శ్రీకాకుళం. థర్మోకోలు దిమ్మల్ని రాళ్లలా చెక్కి, సున్నం పూసి, మసి రంగు వేసి, అక్కడక్కడా నాచు అతికించమంటే ఆయనకి ప్రాణం పోయింది. "కొత్త గోడకి నాచేటమ్మా? ఇంగ్లీషోళ్లు గోడలు కడుక్కోరేటి?" అని రోజూ గొణిగేవాడు. గొణుగుతూనే ఎంత బాగా చేశాడంటే, పెళ్లి హాలు ఊడ్చే ముసలమ్మ ఒకరోజు ఆ నాచుని బ్రష్షుతో రుద్ది పెట్టింది.

కందకంలో నీళ్లు పోద్దామంటే మన ఊళ్లో కుదుర్తుందా? నీళ్లు నిలవుంటే దోమలు, దోమలుంటే ఇన్‌స్పెక్షను. నీలం మెరుపుషీటు పరిచి సరిపెట్టాం. ఇక ఆ ఇళ్లల్లో మరుగుదొడ్డి గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి, సరిగ్గా కందకం మీదకి వేలాడుతుంది. అది కూడా కావాల్సిందేనంది పిల్ల. వాళ్లమ్మ డ్రాయింగు చూసి, "ఇదేంటండీ, గదికి కిటికీయా?" అని అడిగింది. నేను నిజం చెప్పాను. "పెళ్లిపందిరి పక్కన పాయిఖానా ఏంటే, దిక్కుమాలినదానా!" అని కూతురి వీపు మీద ఒక్కటిచ్చింది. చివరికి అందులో తాంబూలం సంచులు పెట్టుకునేలా రాజీ కుదిరింది.

ఇంతలో ఇంకో విశేషం. వన్-నార్త్ అనే పేటలో సీరియళ్లు తీసే కంపెనీ ఒకటి మా డ్రాయింగులు చూసింది. మెట్ల బురుజు వాళ్లకి తెగ నచ్చింది. పెళ్లయ్యేదాకా దెబ్బ తగలకుండా ఉంటే విప్పి తీసుకెళ్లి స్టూడియోలో శాశ్వతంగా నిలబెట్టుకుంటామన్నారు. శాశ్వతంగా! ఆ మాట విని ఆ పూట నాకు అన్నం సయించలేదు. అప్పటికి ఇంకో రెండు నెలల్లో రిటైరవబోతున్నాను. ఇన్నేళ్లలో కట్టినవాటిలో ఒక్కటైనా నిలబడుతుందంటే ఎంత ఆశ పుడుతుందో మీకు చెప్పలేను. ఆ రోజునుంచి ఆ బురుజు దగ్గర ఎవరైనా గోడకి ఆనుకుంటే కసిరి పారేసేదాన్ని. మా బాసుని కూడా కసిరాను.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నా. పెళ్లికూతురి మేనమామ. భీమవరం పక్క ఊరు, షిప్‌యార్డ్‌లో స్టోర్ కీపరు. ఆ పిల్ల నడక నేర్వకముందే తండ్రి పోతే అక్కనీ మేనకోడల్నీ తెచ్చి తన ఫ్లాట్‌లో పెట్టుకుని, తను పెళ్లి మాటే మర్చిపోయాడు. పెళ్లి పనుల్లో ఆయన్నెవరూ ఏదీ అడగలేదు, ఆయనా ఏదీ కావాలనలేదు. ఒక్కటే అడిగాడు. మన పద్ధతి ప్రకారం గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి మేనమామలు పెళ్లిపీటల దగ్గరికి మోసుకురావాలి కదా, ఆ గంప తను మొయ్యాలి.

దానికి ఆయన పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. సాయంత్రాలు వాళ్ల ఫ్లాట్ల బ్లాకు కింద గంపలో బియ్యం బస్తాలు పెట్టుకుని అటూ ఇటూ మోసేవాడట. ఇల్లు ఖాళీ చేస్తున్నాడేమోనని పక్కింటి మలయ్ మకిక్, అదే పిన్నిగారు, జాలిపడి ట్రాలీ తెచ్చిచ్చిందట. బలం రావాలని పొద్దున కోడిగుడ్లు, మధ్యాహ్నం మటన్, రాత్రి మళ్లీ మటన్. "ఒళ్లు గట్టిపడాలి కదండీ అక్కగారూ, ఆయ్," అనేవాడు నాతో. గట్టిపడ్డం మాట దేవుడెరుగు, పెళ్లినాటికి మనిషి రెండింతలయ్యాడు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. పెళ్లికూతురు గౌరీపూజ చేసుకునేది పైగదిలో అని మాకు తెలుసు. పైగదికి దారి ఆ సన్నటి మెట్లేనని తెలుసు. పెళ్లికూతురు గంపలో వస్తుందనీ తెలుసు. ఇంగ్లండు ఇల్లు ఒక కాగితం మీద ఉంది, తెలుగు పెళ్లి ఇంకో కాగితం మీద ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. రిహార్సల్ రోజున మా మేస్త్రీ ఖాళీ గంపని నెత్తిన బోర్లించుకుని టకటకా దిగొచ్చేశాడు. ఆయన బక్కపలచని మనిషి, గంపలో మనిషి లేదు. "కెన్," అన్నాడు బాసు.

పెళ్లిరోజు ఉదయం. ఎదుర్కోలు అదిరిపోయింది. వంతెన దించగానే మేళాలతో మగపెళ్లివారు దాటొచ్చారు. కందకం చూసి ఒక పెద్దావిడ రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకుంది. మిగతావాళ్లు గుడి అనుకుని చెప్పులు అక్కడే విప్పేశారు. లోపల జమీందారు భోజనం బల్ల మీద ముందే ఎవరో టిష్యూ ప్యాకెట్లు పెట్టి సీట్లు 'చోప్' చేసేశారు, అదే, మావేనని ఆపేసుకున్నారు. స్టూడియో నుంచి వచ్చినావిడ ఇడ్లీ తింటూ నా బురుజునే చూస్తోంది. నేను ఆవిడనే చూస్తున్నాను.

"ముహూర్తం దగ్గరపడుతోంది, పిల్లని తీసుకురండి!" అని పంతులుగారు మైకులో కేకేశారు. సన్నాయి అందుకుంది. అందరూ బురుజు గుమ్మం వైపు తిరిగారు. ఎవరూ రాలేదు. సన్నాయాయన ఇంకో చుట్టు వాయించాడు. బురుజు లోపల కిర్రుమని చప్పుడైంది, తర్వాత "అమ్మనాయనోయ్" అని వినిపించింది.

పరిగెత్తాను. మెట్లు సగం దాకా ఎక్కేసరికి మేనమామగారి పాదాలు కనపడ్డాయి. ఆ పైన మొత్తం ఆయనే. ఒక పక్క స్తంభం, ఇంకో పక్క గోడ, మధ్యలో ఈయన, సీసాకి బిరడా కొట్టినట్టు. ఆయన భుజం మీద గంప ముందు అంచు. వెనక అంచు పట్టుకున్నది వరసకి మేనమామ ఇంకొకాయన. గంపలో పెళ్లికూతురు కొబ్బరిబోండం పట్టుకుని కూచునుంది.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ అక్కగారూ. కిందికీ రావట్లేదు, పైకీ రావట్లేదు. మిగతాదంతా బానే ఉందండీ, ఆయ్."

గంపని వెనక్కి లాగితే పిల్లతో సహా పైకెళ్లిపోయింది. ఈయన మాత్రం అంగుళం కదల్లేదు. పైనుంచి ఒకరు తోశారు. కిందనుంచి మేస్త్రీ కాళ్లు పట్టి లాగితే చేతికి చెప్పులొచ్చాయి. ఎవరో కొబ్బరినూనె పొయ్యమన్నారు. పోస్తే మెట్లు జారి మేస్త్రీ కిందపడ్డాడు కానీ ఈయన జారలేదు. బురుజు గోడకి బాణాలు వేసే సందు ఒకటి పెట్టాం, లోపలివైపు వెడల్పు, బయటివైపు చెయ్యి పట్టేంత. అందులోంచి ఆయన చెయ్యి బయటికొచ్చి, హాల్లోవాళ్లకి 'ఏం ఫర్వాలేదు' అన్నట్టు ఊగింది. ఆడపెళ్లివారిలో ఒకావిడ పాపం ఆ చేతికి మజ్జిగ గ్లాసు అందించింది. గ్లాసు లోపలికి పట్టలేదు. స్ట్రా వేసి ఇచ్చారు.

శత్రువులెవరూ రాని కోటలో చివరికి ఇరుక్కున్నది మేనమామ!

ఇప్పుడు వినండి. ఇక్కడి రూల్స్ ప్రకారం పైగదికి రెండో దారి ఉండాలి. అందుకని వెనకవైపు గుడ్డ చాటున ఇనప నిచ్చెనమెట్లు పెట్టాం, మంటలంటుకుంటే దిగడానికి. బాసు చప్పున ఆ మాటే అన్నాడు. "బ్రైడ్ కెన్ వాక్, వాట్. వెనకనుంచి దింపేద్దాం. ముహూర్తం అయ్యాక అంకుల్‌ని తీరిగ్గా తీద్దాం." పెళ్లికొడుకు తండ్రి సరేనన్నాడు. పంతులుగారు వాచీ చూసి, "ఏదో ఒకటి, త్వరగా" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చింది. బురుజు బతికిపోతుంది.

లోపలినుంచి ఆయనే అన్నాడు, "ఔనమ్మా బంగారం, నువ్వు ఎనకనించి దిగిపో. ముహూర్తం దాటిపోద్ది. నేను తర్వాత వచ్చి అక్షింతలేస్తాను." గొంతు మామూలుగానే పెట్టాడు కానీ, సందులోంచి బయటికున్న చెయ్యి మాత్రం మెల్లిగా లోపలికెళ్లిపోయింది.

పైనుంచి పిల్ల అరిచింది. "నో! నేను గంప దిగను. నాన్న పోయాక నన్ను ఎత్తుకు తిరిగింది ఎవరు? మామయ్య మోస్తేనే వస్తాను, లేకపోతే ఇక్కడే కూచుంటాను. ముహూర్తం పోతే పోనీ లా!"

బురుజులోంచి గట్టిగా ముక్కు చీదిన శబ్దం వినపడింది.

నేను ఆ గోడని చూశాను. నాచు అతికించిన ప్రతి రాయీ నాకు తెలుసు. స్టూడియో ఆవిడ ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి లేచి నుంచుంది. ఆ పిల్ల మాటతో బురుజు నిలబడుతుందన్న ఆశ కాస్తా చచ్చిపోయింది, ఇంకేం చెయ్యను?

"మేస్త్రీగారూ, రంపం తెండి."

"అమ్మా, కోసేస్తే ఇంకెందుకూ పనికిరాదు."

"ఎందుకూ పనికిరానివి ఇన్నేళ్లుగా ఎన్ని కట్టలేదు? తెండి."

రంపం పెట్టబోతుంటే సేఫ్టీ ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు. లోకల్ తమిళాయన, హాలు తాలూకు మనిషి. "కెనాట్ లా ఆంటీ. కటింగ్ వర్క్ అంటే హెల్మెట్ మస్ట్. దగ్గరున్న అందరికీ." పెళ్లిపీటల చుట్టూ పసుపూ నలుపూ చారల రిబ్బను కట్టేశాడు. పెట్టెలోంచి పసుపు హెల్మెట్లు తీసి పంచాడు. వెనక నిచ్చెన మీదుగా పైకి రెండు పంపించాడు. పెళ్లికూతురు ఒకటి పూలజడ మీదే పెట్టుకుని, రెండోది కిందికి వంగి మేనమామ నెత్తిన పెట్టింది. పంతులుగారికి కళ్లజోడు మీద ఇంకో సేఫ్టీ కళ్లజోడు. అంతటితో ఊరుకున్నాడా? పని మొదలెట్టేముందు జాగ్రత్తలు చదవాలిట, అదీ రూలేనట.

"కానివ్వండి నాయనా, ముందు మీ మంత్రాలు, తర్వాత నావి," అన్నారు పంతులుగారు పళ్లు కొరుకుతూ.

బాణాల సందు కిందనుంచి, బురుజుని నిలబెట్టిన రెండు ఇనప గొట్టాల మధ్యన నేనే మొదటి కోత పెట్టాను. థర్మోకోలు కోస్తే ఏమవుతుందో తెలుసు కదా, తెల్లటి గుళ్లు. ఆ గుళ్లు ఏసీ గాలికి లేచి హాలంతా ఎగిరాయి. పట్టుచీరల మీద, సన్నాయి గొట్టంలో, సాంబారులో. పీటల మీదున్న పెళ్లికొడుకు నెత్తిన బోలెడు రాలాయి. "ఆగండాగండి, తలంబ్రాలకి ఇంకా టైముంది!" అని పంతులుగారు కేకలు. మేస్త్రీ ఇంకో పక్కనుంచి కోశాడు. బాసు చొక్కా చేతులు మడిచి తన్నాడు. దభీమని గోడ ఊడిపడింది.

మేనమామగారు బయటికొచ్చారు. ఒళ్లంతా తెల్లగా, నెత్తిన పసుపు హెల్మెట్టు, జుబ్బా నిండా కొబ్బరినూనె. వచ్చినవాడు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోవచ్చు కదా? వెనక్కి తిరిగి, "అక్కగారూ, గంప పట్టదండీ, ఇంకొంచెం కొయ్యండి!" అన్నాడు. ఇంకొంచెం కోశాం. అప్పటికి బురుజులో సగం లేదు. గంప కిందికొచ్చింది. రెండో మేనమామ చెయ్యి వేయబోతే ఈయన ఒక్కడే ఎత్తి గుండెకానించుకుని, రిబ్బను తెంచుకుని, సన్నాయి అందుకునేలోపే పరుగు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. మటన్ వృథా పోలేదు.

ముహూర్తం తోసుకొచ్చేస్తోంది. అడ్డుతెర పట్టేశారు. పంతులుగారు మంత్రం అందుకుని "పెట్టు నాయనా, పెట్టు!" అన్నారు. తెర వెనక ఏముందో పెళ్లికొడుక్కి ఎలా కనపడుతుంది? పైనుంచి చెయ్యి చాపి జీలకర్ర బెల్లం నేరుగా హెల్మెట్టు మీద పెట్టేశాడు, గట్టిగా అదిమాడు కూడా. "హెల్మెట్టు! హెల్మెట్టు!" అని అందరం ఒకటే అరుపు. పెళ్లికూతురు దాన్ని తియ్యబోయి, ఆగి, సేఫ్టీ ఆఫీసరు వైపు చూసింది. ఆయన కోత అయిపోయిందని ఒకసారి గోడ వైపు చూసుకుని, "ఓకే, కెన్ రిమూవ్" అన్నాడు. ముద్ద చేతిలోకి తీసి మళ్లీ పెట్టించారు. ముహూర్తం దాటలేదు. దాటలేదని పంతులుగారు మైకులో చెప్పాక గానీ నేను కూలబడలేదు.

స్టూడియో ఆవిడ మంచిదే. భోజనాల దగ్గర నా పక్కన కూచుని, బురుజు ఇలా అయ్యాక తీసుకోలేమని నెమ్మదిగా చెప్పింది. అర్థమైందన్నాను. అరిటాకులో పాయసం మీద థర్మోకోలు గుళ్లు తేలుతుంటే ఏరుకుంటూ తిన్నాను.

మర్నాడు పొద్దున, ఎన్నడూ లేనిది, లారీ వచ్చే వేళకి నేనూ హాలుకి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే చెప్పలేను. వెళ్లేసరికి మేనమామగారు అక్కడున్నారు. నిక్కరు వేసుకుని, మా వాళ్లతో కలిసి గోడముక్కలు లారీలోకి ఎత్తుతున్నాడు. సెలవు పెట్టాడట.

నన్ను చూసి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. పెళ్లి బాగా జరిగిందన్నాను. మీకు అంత ఇబ్బందైంది, ఆ మెట్లు కాస్త వెడల్పుగా కట్టాల్సింది అని కూడా అన్నాను.

"అయ్యబాబోయ్, అలాగనకండి అక్కగారూ," అన్నాడు. "ఎడల్పుగా కడితే నేను గమ్మున దిగిపోదునండి. ఇరుక్కోబట్టే కదండీ, మామయ్య మోస్తేనే వస్తానని మా పిల్ల నలుగుర్లో అన్న మాట నా చెవిన పడింది. మెట్లు చాలా బాగా కట్టారండి, ఆయ్."